ఎర్రబడే మొహం

జపాన్, చైనా, కొరియా దేశాల్లో చాలామందికి ఒక్క గ్లాసు బీరు తాగితేనే మొహం ఎర్రగా కందిపోతుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. కడుపులో తిప్పుతుంది. నూటికి సుమారు 36 మందికి ఇలా అవుతుంది. పక్కవాడు అదే బీరు తాగి మామూలుగా ఉంటాడు. ఎందుకని?

సారా, కల్లు, బీరు ఏదైనా సరే, అందులో మత్తెక్కించేది ఆల్కహాలు. అది రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది. కాలేయం అంటే మనం లివరు అంటామే, అదే. అక్కడ ఆల్కహాలు ముందు ఒక విషంగా మారుతుంది. తర్వాత ఆ విషం విరిగిపోతుంది. ఈ రెండు పనులూ చేసేవి ఎంజైములు. అవి ఎలా ఉండాలో చెప్పేవి జన్యువులు. జన్యువులు మనకు అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తాయి.

మొహం ఎర్రబడే వాళ్లలో విషాన్ని విరిచే ఎంజైము సరిగా పనిచేయదు. విషం ఒంట్లోనే నిలిచిపోతుంది. ఈ లోపం అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తే ఆ మనిషి దాదాపు తాగలేడు. ఒకరి నుంచే వస్తే కొంత తాగగలడు. చిక్కంతా ఇక్కడే. "అలవాటైపోతుందిలేరా" అని స్నేహితులంటారు. తాగుతాడు. అలా తాగేవాళ్లకు అన్నం దిగే గొట్టంలో కేన్సరు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ.

మన దేశంలో ఈ లోపం ఉన్నవాళ్లు బాగా తక్కువ. అలాగని సారా మనకు పడుతుందని కాదు. ఆ విషం మన ఒంట్లోనూ పుడుతుంది. "మా ఆయన ఎంత తాగినా తూలడు, గట్టి మనిషి" అని కొందరు అంటారు. తూలనివాడు ఇంకో గ్లాసు పోయించుకుంటాడు. ఆ గ్లాసు కూడా లివరు మీదే పడుతుంది.