కోతి రోజంతా ఎక్కడ తిరుగుతుంది? దాని పొట్టలో ఏం జరుగుతుంది?

శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఎప్పుడైనా వెళ్లారా? కారు కాస్త స్లో అయితే చాలు, కోతులు వచ్చి చుట్టూ చేరతాయి. మనం అద్దం దించి అరటిపండో, బిస్కెట్ ప్యాకెట్టో విసురుతాం, ఫోన్ తీసి వీడియో కూడా తీస్తాం. నేనూ చేశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. పాపం ఆకలితో ఉన్నాయి, పెడితే పుణ్యం అనుకున్నాను. అయితే అలా ఊరికే దొరికే తిండి ఒక కోతి నడకనీ, పొట్టనీ ఎంత మారుస్తుందో తెలిశాక చెయ్యి ఆగిపోయింది. ఇవాళ ఆ కథే చెప్పుకుందాం. దానికోసం మనం ఒకసారి ఆఫ్రికా వెళ్లాలి.

కెన్యాలో అంబోసెలి అని ఒక చోటు ఉంది. ఎదురుగా కిలిమంజారో పర్వతం. అక్కడ బబూన్ అనే పెద్ద కోతుల మీద జీన్ ఆల్ట్‌మన్, స్టువర్ట్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1971లో పరిశోధన మొదలుపెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. అంటే ఇప్పుడున్న కోతుల ముత్తవ్వల సంగతులు కూడా రికార్డుల్లో ఉన్నాయన్నమాట.

అంబోసెలిలో వానలు తక్కువ. జూన్ నుంచి అక్టోబర్ దాకా దాదాపు చుక్క పడదు. మరి నీళ్లు ఎక్కడివి? కిలిమంజారో మీద పడ్డ నీరు భూమిలోకి ఇంకి, ఇక్కడికొచ్చి ఊటలుగా, చిత్తడి నేలలుగా పైకి తేలుతుంది. ఎండాకాలంలో జంతువులన్నిటికీ అదే దిక్కు.

బబూన్ల గుంపు రాత్రి చిరుతపులి భయంతో చెట్ల మీద పడుకుంటుంది. పొద్దున్నే దిగుతుంది. పడుకునే చెట్లు ఒక చోట, నీళ్లు ఇంకో చోట, తిండేమో ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా. ఈ మూడింటినీ కలుపుతూ గీసిన గీతే ఆ గుంపు ఆ రోజు నడిచే దారి. వానాకాలంలో పచ్చగడ్డి కాళ్ల దగ్గరే దొరుకుతుంది. ఎండాకాలంలో గడ్డి మొదళ్లు తవ్వి, కింద ఉండే చిన్న చిన్న గడ్డల్ని పీకి, మట్టి దులిపి తినాలి. గంటల తరబడి అదే పని. చిన్న పిల్ల ఉన్న తల్లికైతే ఇంకా కష్టం. పిల్లని మోసుకుంటూ అందరితో సమానంగా అంతే దూరం నడవాలి. వెనకబడితే చిరుతకి ఆహారమే.

ఇప్పుడు అసలు ట్విస్ట్. అదే అంబోసెలిలో ఒక గుంపుకి టూరిస్టుల లాడ్జి పక్కన చెత్తకుప్ప దొరికింది. మిగిలిపోయిన తిండి రోజూ అక్కడికే వస్తుంది. తవ్వే పని లేదు, తిరిగే పని లేదు. ఆ గుంపు నడక బాగా తగ్గిపోయింది, ఎక్కువసేపు ఊరికే కూర్చోవడం మొదలైంది. అడవిలో తిరిగే ఆడ బబూన్ల ఒంట్లో కొవ్వు సుమారు 2 శాతం ఉంటే, చెత్తకుప్ప దగ్గర ఉన్న వాటిలో సుమారు 23 శాతం ఉంది! రక్తంలో ఇన్సులిన్ కూడా ఎక్కువగా కనిపించింది. మనుషుల్లో షుగర్ వచ్చే ముందు కనిపించే లక్షణమే అది. పరిశోధకులు తిండితో పాటు నడక తగ్గడాన్ని కూడా ముఖ్యమైన కారణంగా చూశారు. సోఫాలో పడుకుని ఈ వీడియో చూస్తున్నవాళ్లూ, మిమ్మల్ని ఏమీ అనట్లేదు!

సరే, ఇప్పుడు పొట్ట లోపలికి వెళ్దాం. మనలాగే కోతి పేగుల్లో కూడా కోట్లకొద్దీ బ్యాక్టీరియా ఉంటుంది. దాన్నంతా కలిపి మైక్రోబయోమ్ అంటారు. ఆకులో, గడ్డిలో ఉండే పీచుని కోతి తనంతట తాను అరిగించుకోలేదు. బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి చిన్న చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. కోతికి అవే శక్తి.

మెక్సికోలోని పలెంకే అడవిలో నల్ల హౌలర్ కోతులు ఉంటాయి. పళ్లు దొరికే రోజుల్లో పళ్లు, లేనప్పుడు ఆకులు తింటాయి. కొన్ని నెలల్లో వాటికి తిండి ద్వారా అందే శక్తి బాగా పడిపోతుంది. అయినా అవి తిరగడం పెద్దగా మానలేదు. ఎలా? ఆ నెలల్లో లోపలి బ్యాక్టీరియా మారింది, కొవ్వు ఆమ్లాల తయారీ పెరిగింది. బయట తగ్గినదాన్ని లోపలివాళ్లు కొంత సర్దుబాటు చేస్తున్నారన్నమాట. అదే జాతి కోతులు ముక్కలైపోయిన అడవిలో ఉంటే, తినే రకాలు తగ్గి, పేగుల్లో బ్యాక్టీరియా రకాలు కూడా తగ్గాయి.

మళ్లీ అంబోసెలికి వస్తే, అక్కడ ఏళ్ల తరబడి బబూన్ల పెంట ఏరి దాచిపెట్టారు. నవ్వకండి, సైన్స్‌లో అది బంగారం! 2021లో వచ్చిన ఒక అధ్యయనం కోసం 585 బబూన్ల నుంచి, 14 ఏళ్లలో తీసిన 16,234 నమూనాలు చూశారు. పేగుల్లోని బ్యాక్టీరియాలో చాలా రకాల మీద వంశం ప్రభావం ఉందని, ఆ ప్రభావం ఎండాకాలంలో ఇంకా బాగా కనిపిస్తుందని తేలింది. అంతకుముందు 2015లో ఇంకో సంగతి బయటపడింది. ఒకదానికొకటి పేలు చూసుకునే బబూన్ల పేగుల్లో బ్యాక్టీరియా ఎక్కువగా కలుస్తుంది. అంటే ఫ్రెండ్‌షిప్ పొట్టదాకా వెళ్తుంది.

ఇక మన ఊరికి వద్దాం. మన ఎర్రమూతి కోతి ఏది పెట్టినా తినేస్తుంది. కొండముచ్చు అలా కాదు. దాని పొట్ట ఆవు పొట్టలాగా గదులు గదులుగా ఉంటుంది. అందులో ఆకుల్ని మెల్లగా పులియబెట్టే బ్యాక్టీరియా కాపురం. అందులోకి తీపి పళ్లు, బిస్కెట్లు ఎక్కువగా పడితే అవి గబగబా పులిసి యాసిడ్ పెరుగుతుంది. ఆ జంతువు జబ్బు పడుతుంది.

కోతుల్ని తరమడానికని కొన్ని ఊళ్లలో కొండముచ్చుని తెచ్చి తాడుతో కట్టేస్తారు, చూసే ఉంటారు. చట్టప్రకారం అది నేరం. అది పక్కన పెట్టినా, ఆ కొండముచ్చుని ఒకసారి గమనించండి. నాలుగు చెట్లు తిరిగి లేత ఆకు ఏరుకుని తినాల్సిన జంతువు. తాడు రెండు గజాలు. ముందర ఎవరో పెట్టిన బన్ను. చింతచెట్టు ఎదురుగానే ఉంటుంది, కానీ ఆకు అందదు.