మీకు తెలుసా? గాజు పలకల మీద ఒక ఊరు

అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రంలో హీబర్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరుంది. మైక్ డిస్‌ఫార్మర్ అక్కడ ఫొటో స్టూడియో నడిపేవాడు. అసలు ఇంటిపేరు మేయర్. పసితనంలో సుడిగాలి తనను ఎత్తుకొచ్చి ఆ ఇంట్లో పడేసిందని చెప్పుకునేవాడు! రైతులు, అక్కచెల్లెళ్లు, సైన్యంలో చేరిన కుర్రాళ్లు వచ్చి నిలబడితే, సాదా తెర ముందు ఉన్నవాళ్లను ఉన్నట్టే తీసేవాడు. ఆ ముఖాల్లోని నిజాయతీ ఈనాటికీ కట్టిపడేస్తుంది.

1959లో ఆయన పోయాక వేలాది గాజు నెగెటివ్‌లు మిగిలాయి. 1976లో పుస్తకంగా వచ్చాకే ప్రపంచం వాటిని చూసింది. 2000 తర్వాత సేకర్తలు ఆ ప్రాంతంలో ఇల్లిల్లూ తిరిగి, కుటుంబ ఆల్బమ్‌ల నుంచి అసలు ప్రింట్లు కొన్నారు. గాజు పలక ముఖాన్నే చూపిస్తుంది. అది ఎవరిదో చెప్పగలిగేది ఇంట్లోవాళ్లే.

మన ఇళ్లలోనూ అట్టకు అతికించిన పాత స్టూడియో ఫొటోలున్నాయి. అట్ట మీది స్టూడియో పేరు ఊరిని చెబుతుంది, నగలూ కట్టూబొట్టూ కాలాన్ని పట్టిస్తాయి. పేరు, వరస మాత్రం పెద్దవాళ్లకే తెలుసు. ఈ వారమే వాళ్లను అడగండి. వెనకవైపు మెత్తని పెన్సిల్‌తో, నొక్కకుండా రాసి పెట్టండి.