కొత్త ట్రాక్టరు లారీ ఎందుకెక్కుతుంది?

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లోని మహీంద్రా కర్మాగారంలో తయారైన ట్రాక్టరు దూరపు షోరూముకు తన చక్రాల మీద వెళ్లదు. ట్రైలర్ లారీ ఎక్కి వెళ్తుంది. ట్రాక్టరు వేగం గంటకు సుమారు 30 కిలోమీటర్లే. బురదలో పట్టు కోసం టైర్లకు పెట్టిన లావుపాటి గట్లు తారు రోడ్డు మీద త్వరగా అరుగుతాయి. పైగా ట్రాక్టరు వాడకాన్ని ఇంజను తిరిగిన గంటల్లో లెక్కిస్తారు. మీటరులో ముందే బోలెడు గంటలు పడిన బండిని కొత్తదంటే ఏ రైతు నమ్ముతాడు?

లారీ డ్రైవరుకు తోలడం కంటే కట్టడమే పెద్ద పని. ట్రాక్టరును ర్యాంపు మీదుగా ఎక్కించి, బ్రేకు బిగించి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెడతారు. తర్వాత గొలుసులను ఇరుసుకో, బండి కింది గట్టి భాగానికో తగిలించి లాగి కడతారు. స్టీరింగు కడ్డీలకు తగిలిస్తే అవి వంగిపోతాయి. సుమారు రెండు టన్నుల బండి గాలి టైర్ల మీద ఊగుతుంటే ఎంత బిగించిన గొలుసైనా వదులవుతుంది. అందుకే బయలుదేరిన కాసేపటికే లారీ ఆపి చూసుకోవాలి. బద్ధకిస్తే ముప్పు ఇక్కడే.

టర్బో ఉన్న ఇంజనైతే పొగగొట్టం మూతి కూడా మూసేయాలి. లేదంటే గాలి లోపలికి దూరి టర్బో చక్రాన్ని తిప్పుతుంది. ఇంజను ఆగి ఉన్నందున ఆయిలు అందక బేరింగులు పాడవుతాయి.