రాసినాయన చెప్పినా చాలదన్న వికీపీడియా

ఒక నవల ఎలా పుట్టిందో ఎవరికి బాగా తెలుస్తుంది? రాసినాయనకే కదా! కానీ 2012లో అమెరికన్ రచయిత ఫిలిప్ రాత్‌కి వింత అనుభవం ఎదురైంది. ఆయన నవల ‘ది హ్యూమన్ స్టెయిన్’కి అనటోల్ బ్రాయర్డ్ అనే రచయిత జీవితం ప్రేరణ అంటారని ఇంగ్లిష్ వికీపీడియాలో ఉంది. అది తప్పని, తన స్నేహితుడు ప్రొఫెసర్ మెల్విన్ ట్యూమిన్‌కి జరిగిన సంఘటనే మూలమని రాత్ చెప్పించారు. ఆయన మాట ఒక్కటే చాలదు, వేరే ఆధారం కావాలని జవాబొచ్చింది. చివరికి ఆయన ‘ది న్యూయార్కర్’లో బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖే ఆధారమై, ఆయన మాట వికీలోకి ఎక్కింది.

మరి సత్యం ఎవరి చేతిలో ఉన్నట్టు?

ఫ్రెంచ్ తత్వవేత్త లియోటార్ 1979లోనే ఇలాంటి ప్రశ్న వేశాడు. కంప్యూటర్ల కాలంలో విజ్ఞానం ఏమవుతుందని కెనడాలోని క్యూబెక్ యూనివర్సిటీల మండలి అడిగితే ఆయనిచ్చిన రిపోర్టే ‘ది పోస్ట్‌మోడర్న్ కండిషన్’. అన్నిటినీ ఒకే గాటన కట్టి వివరించే పెద్ద కథల్ని జనం ఇక నమ్మరన్నాడు. 2001లో వికీపీడియా వచ్చింది. అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు.

అంటే ఎవరి సత్యం వాళ్లదేనా? ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో గొడవ అక్కడే ఆగిపోతుంది. వికీలో ఆగదు. ఆధారం అడుగుతారు, చర్చ పేజీలో వాదించుకుంటారు, ప్రతి మార్పూ చరిత్రలో ఉంటుంది. నాలాంటి కోడ్ రాసేవాళ్లకి ఇది గిట్ లాంటిదే. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో తెలుస్తుంది.

కానీ లాగ్ పక్కాగా ఉన్నంత మాత్రాన కోడ్‌లో బగ్ లేనట్టు కాదు. 2005లో జాన్ సీగెన్‌థాలర్ అనే జర్నలిస్టు పేజీలో, కెనెడీ హత్యతో ఆయనకి సంబంధం ఉందని ఒకప్పుడు అనుమానించారంటూ ఎవరో అబద్ధం రాశారు. దాదాపు నాలుగు నెలలు అది అలాగే ఉంది. అన్నాళ్లూ అది అబద్ధమే. పేజీ మనం కలిసి రాసేది. జరిగిందాన్ని మాత్రం ఓట్లేసి మార్చలేం.

నన్ను తొలిచే విషయం ఇంకోటుంది. మా అమ్మమ్మకి ఊరి చెరువు తూము ఎవరు తీసేవారో, నీళ్లు ఏ మడికి ముందు పారేవో కంఠతా తెలుసు. ఏ పుస్తకంలోనూ అది లేదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఆధారం లేకుండా రాయలేం. రాత్‌కి న్యూయార్కర్ ఉంది. అమ్మమ్మకి ఎవరున్నారు?

అలాగని ఆధారం అడగడం మానేస్తే, అమ్మమ్మ మాటకీ వాట్సాప్ పుకారుకీ తేడా ఉండదు. కాబట్టి ఆధారాన్ని మనమే తయారుచేయాలి. ఊళ్లో నలుగురు పెద్దల్ని విడివిడిగా అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. మాటలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో రెండూ రాసి ఓ పత్రికకి పంపండి. అచ్చయితే వికీలోకి దారి దొరుకుతుంది. రాసేవాళ్లు ఆలస్యం చేస్తే, చెప్పేవాళ్లు మిగలరు.