బేగంపేట గుమ్మటాల కింద గాజుపలకల ఆకాశం

హస్త, అనూరాధ కార్తెల లెక్క బోధన్ చెరకు రైతుకు కొత్త కాదు గానీ, ఆ తారలు చాలావరకు ఉండే ఆకాశపు పట్టీని ఒకప్పుడు కొలిచి గ్రంథస్థం చేసింది హైదరాబాదులోని నిజామియా వేధశాల. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలో నెలకొల్పిన ఈ వేధశాలను, ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకుని బేగంపేటకు తరలించగా, 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది.

పెద్ద దూరదర్శినికే పేరు ఎక్కువైనా, అసలు పని చేసింది కుక్ కంపెనీవారి 8 అంగుళాల ఛాయాగ్రహణ దూరదర్శిని. ఆకాశమంతటినీ ఫొటోలుగా తీయాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన అంతర్జాతీయ పథకంలో, చిలీలోని సాంటియాగో పూర్తిచేయలేకపోయిన భాగం హైదరాబాదుకు దక్కింది. అది ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ. నిజామాబాద్‌లో అది దక్షిణ దిక్కున దాదాపు 50 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, లండన్‌లోనైతే 20 డిగ్రీలకు అటూఇటూగానే ఉండి నేలకు దగ్గరి మసకలో పడుతుంది.

పదహారు సెంటీమీటర్ల చదరపు గాజుపలక మీద రెండేసి డిగ్రీల మేర ఆకాశం పట్టేది. పలకపై ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళకు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు, సమానం. భూభ్రమణాన్ని అనుసరించి గొట్టాన్ని గడియారపు యంత్రం తిప్పుతున్నా, పరిశీలకుడు జంటగా అమర్చిన మరో దూరదర్శినిలో ఒక తారను చూస్తూ అది కదిలినప్పుడల్లా సరిచేయాలి. లేకుంటే చుక్కలు గీతలవుతాయి. పలకపై ముందే ముద్రించిన 5 మిల్లీమీటర్ల గళ్ల ఆధారంగా, సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క చుక్క స్థానాన్నీ కొలిచేవారు. విసుగు పుట్టించే పనే. టి. పి. భాస్కరన్ 1918 నుంచి 1944 వరకు దానిని నడిపించారు. ఉత్తరాన 36–39 డిగ్రీల పట్టీ కూడా తోడై, ఫలితాలు పన్నెండు సంపుటాలుగా వెలువడ్డాయి. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలయ్యేనాటికీ ఆ పని ముగియలేదు.

నగరపు వెలుతురు పెరగడంతో పరిశీలనలు రంగాపూర్‌కు మారి, 1968లో అక్కడ 48 అంగుళాల దూరదర్శిని పనిలోకి వచ్చింది. బేగంపేట ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం నడుస్తోంది. పాత కొలతలకు మాత్రం కాలం చెల్లలేదు: హిప్పార్కస్ ఉపగ్రహం తేల్చిన స్థానాలను ఈ పథకపు పట్టికలతో పోల్చి, మధ్యకాలంలో తారలు ఎంతెంత జరిగాయో లెక్కగట్టిన టైకో-2 జాబితా 2000లో వెలువడింది.