వార్తల్లో పదం: ట్రాఫిక్ ఇంజినీరింగ్

కొల్లేరు పొంగి ఏలూరు–కైకలూరు రోడ్డెక్కితే బస్సులు చుట్టుదారి పడతాయి. నెట్‌వర్క్‌లో డేటాకు అలాంటి దారిని ముందే సిద్ధం చేయడం ట్రాఫిక్ ఇంజినీరింగ్‌లో ఒక భాగం. మామూలుగా రౌటర్ దగ్గరిదారినే ఎంచుకుంటుంది. అది కిక్కిరిసినా, పక్కది ఖాళీగా ఉన్నా పట్టించుకోదు. అందుకే డేటాకు మనమే టన్నెల్ అనే దారి వేస్తాం. దానికి దారిలోని ప్రతి రౌటర్ ఇంటర్‌ఫేస్‌లోనూ ట్రాఫిక్ ఇంజినీరింగ్‌ను ఆన్ చేసి, ఎంత బ్యాండ్‌విడ్త్ రిజర్వు చేయొచ్చో చెప్పాలి. ఒక్క ఇంటర్‌ఫేస్ మరిచినా టన్నెల్ అటు వెళ్లదు. సిస్కో రౌటర్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌లో అంకె ఇవ్వకుంటే లింకు సామర్థ్యంలో 75 శాతం తీసుకుంటుంది. అయితే ఈ రిజర్వేషన్ లెక్క కోసమే. అదనపు ట్రాఫిక్‌ను అది ఆపదు. కొత్త ఇంజినీర్లు తడబడేది ఇక్కడే.

తాడేపల్లిగూడెం దగ్గర కేబుల్ తెగిందనుకుందాం. బ్యాకప్ టన్నెల్ ఉంటే దాదాపు 50 మిల్లీసెకన్లలో డేటా దారి మళ్లుతుంది. కానీ ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా వెళ్తుంది. రెండు దారులూ ఒకే స్తంభాలపై ఉంటే గాలివానకు రెండూ పోతాయి.