బకాలా ఖాతా పుస్తకం

అబూదాబీలో పదిహేనేళ్లు దాటినవాళ్లను అడగండి, పాత బకాలాలు ఎట్లుండేవో చెప్తారు. ఇరుకు గది, గుమ్మం దాకా నీళ్ల డబ్బాలు, కుబ్బూస్ ప్యాకెట్లు. చాలావరకు మలయాళీలే నడిపేవారు. 2012 చివరికల్లా అన్నీ కొత్త నమూనాలోకి మారాలని ఎమిరేట్ ఆహార నియంత్రణ సంస్థ గడువు పెట్టింది. ఒకే తీరు బోర్డు, అద్దాల తలుపు, కెమెరాలు, కంప్యూటర్ బిల్లు. శుభ్రత పెరిగింది, కాదనను. ఆ ఖర్చు మోయలేని చిన్న కొట్లు 2013 మొదట్లో మూతపడ్డాయి.

బిల్లు మిషన్ వచ్చినా ఖాతా పుస్తకం మాత్రం పోలేదు. జీతం ఆలస్యమైతే బియ్యం, పప్పు, ఫోన్ రీచార్జ్ అన్నీ దాని మీదే కదా. బీకాం చదివినవాణ్ని, లెక్కల మాట ఒకటి చెప్తా: సరుకు తెచ్చుకున్న ప్రతిసారీ తేదీ, మొత్తం మీరూ రాసుకోండి. ఆ పేజీ ఫొటో తీసుకున్నా చాలు. బాకీ కింద పాస్‌పోర్టు గానీ, జీతం పడే కార్డు గానీ తాకట్టు పెట్టకండి. పిన్ అసలే చెప్పొద్దు.

ఇక కౌంటర్ వెనకుండే తమ్ముళ్ల సంగతి. పొద్దున తెరిచేదీ వాళ్లే, అర్ధరాత్రి మూసేదీ వాళ్లే, సైకిల్ మీద డెలివరీ కూడా వాళ్లదే. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టంలో మామూలు పని రోజుకు 8 గంటలు, వారానికి 48. వారంలో కనీసం ఒక రోజు జీతంతో సెలవు. అదనపు గంటకు మూల జీతం లెక్కన 25 శాతం ఎక్కువ ఇవ్వాలి; రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య అయితే 50 శాతం, షిఫ్టు వాళ్లకు తప్ప.

కార్మిక శాఖ సలహా నంబరు 80084. ఫోన్ చేసే ముందు కాంట్రాక్టు కాగితం, మీరు రాసుకున్న గంటలు దగ్గర పెట్టుకోండి.